సూది వేయని పొద్దు

నా చిన్నప్పుడు ఆదోనిలో మా ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు మా దాదీమాది. మా నాన్నకు బజారులో గాజుల అంగడి ఉండేది. అంగడిలో బేరాలకు ఎంత మొండివాడో, ఇంట్లో తల్లి ముందు అంత మెత్తన. అలాంటి దాదీమాకు చక్కెర జబ్బు వచ్చింది. రోజూ పొద్దున సూది మందు వేయించుకోవాలనీ, వేయించుకున్న వెంటనే కడుపునిండా తినాలనీ డాక్టరు చెప్పాడు. ఆ రోజుల్లో మా వీధిలో ఎవరింట్లోనూ ఫ్రిజ్ లేదు. మందు సీసాను మా అమ్మ తడి ఇసుక పోసిన కుండలో దాచేది. పిల్లలం ఆ కుండ దగ్గరకు పోయామా, వీపు విమానం మోత మోగేది.

సూది వేసేది పక్కింటి అక్క. ఆమెది మద్దికెర. ఊళ్ళో ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ మా పక్క వాటాలో అద్దెకుండేది. డ్యూటీకి పోయే ముందు తెల్లచీరతో మా ఇంటికి వచ్చి, గాజు సిరంజిని గిన్నెలో మరిగించి, దాదీమాతో నాలుగు కబుర్లు చెప్పి సూది వేసి పోయేది. అయితే ఆమెకొక పట్టుదల ఉండేది. తిండి పళ్ళెం దాదీమా ముందు కనపడితే తప్ప సీసా మూత తీసేది కాదు. తర్వాత తింటానులే అనే మాట ఆమె దగ్గర చెల్లేది కాదు. నా నోటి మీద నమ్మకం లేదా అని దాదీమా రోజూ సణిగేది. అక్క నవ్వి ఊరుకునేది.

ఆ ఏడు రంజాన్ ఎండల్లో పడింది. మా ఊరి ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, పొద్దున పలకరించిందంటే సాయంత్రం దాకా వదలదు. జబ్బు మనిషి కాబట్టి దాదీమా రోజా ఉపవాసం ఉండనక్కర్లేదనీ, బదులుగా ఒక పేదకు అన్నం పెడితే చాలుననీ మసీదు హజ్రత్ ముందటేడు లాగే చెప్పి పంపించాడు. దాదీమా తలూపింది. ఆమె తలూపితే ఒప్పుకున్నట్టేనని మేమందరం అనుకున్నాం. అన్నేళ్ళు ఆమెతో కాపురం ఉండి కూడా అలా ఎలా అనుకున్నామో తెలియదు.

మొదటి రోజా నాడు తెల్లవారకముందే అందరూ లేచి సహరీ భోజనం చేశారు. దాదీమా కూడా లేచి తిన్నది. పొద్దెక్కాక అక్క వచ్చేసరికి మంచం మీద బుద్ధిగా కూర్చుని ఉంది. ముందు పళ్ళెంలో రెండు జొన్నరొట్టెలు, గిన్నెలో పప్పు. సణుగుడు లేదు. చెయ్యి తానే చాపింది. అక్క సిరంజి నింపి, దూదితో చెయ్యి తుడిచి, సూది దగ్గరకు తెచ్చి, అక్కడ ఆగిపోయింది.

ఆమె చూస్తున్నది దాదీమా పెదవుల వైపు. నిద్ర లేచింది మొదలు వక్కాకు నమిలే మనిషి మా దాదీమా, ఆ నోరు ఎర్రగా లేని పొద్దు మాకు తెలియదు. ఆ రోజు పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. అక్క వేలితో రొట్టె అంచు తాకి చూసింది. చల్లబడి బిరుసెక్కిన రొట్టె, సహరీలో మిగిలింది.

"ఒక్క తుంచు తిను దాదీ, నేను సూస్తా" అంది అక్క.

దాదీమా కదల్లేదు. అబద్ధమాడితే రోజా పాడవుతుంది, నిజం చెబితే ఈ పిల్ల సూది వేయదు. అందుకే నోరే తెరవలేదు. అంగడికి పొద్దుపోతోందని గుమ్మంలో నిలబడ్డ మా నాన్న కల్పించుకున్నాడు. "సహరీలో బాగా తినింది ల్యామ్మా. రోజూ ఏయమని డాక్టరే సెప్పినాడు గదా, ఏసెయ్."

"తినే మనిషికి ఏయమన్నాడన్నా. ఈయమ్మ పొద్దు గూకేదాకా నీళ్ళు గూడా తాగదు."

ఖాళీ కడుపు మీద ఆ మందు ఒంట్లోని చక్కెరనంతా లాగేస్తుందనీ, మధ్యాహ్నానికి చెమటలు పట్టి, వణికి, తెలివి తప్పుతుందనీ మెల్లగా చెప్పింది. రోజా నీరసమేలే అనుకుని మనమే ఆమెను కదపకుండా పడుకోనిస్తాం, అదే నాకు భయం అంది. ఆ మాటతో మా నాన్న ముఖం పాలిపోయింది. అక్క అంట్లు తోమే జాలాడి దగ్గరకు పోయి సిరంజిలోని మందంతా వదిలేసింది. ప్రాణంలా దాచుకున్న మందు అలా నీళ్ళలో కలిసిపోతుంటే మా అమ్మ అయ్యో అని నోరు నొక్కుకుంది.

దాదీమాకు కోపం వచ్చింది. సూదీ వద్దు, ఏమీ వద్దు, పోతే రోజాతోనే పోతానని వీధికంతా వినపడేలా అరిచింది. సూది మానేసినా ముప్పేనని అక్కకు తెలుసు. జరిగింది డాక్టరుతో చెప్పి, ఏం చేయమంటాడో అడిగి రమ్మని మా నాన్నను ఆసుపత్రికి పంపింది. తన డ్యూటీ వేళ దాటిపోతున్నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. మేమెవ్వరం అడగని మాట అడిగింది. ఎందుకు దాదీ, అని.

దాదీమా ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదలు. "ఇల్లంతా ఎండిన నోళ్ళతో తిరుగుతాంటే నేనొక్కదాన్నే మూలన కూసోని తినల్లా? గొంతు దిగుతాదా బేటీ?" పోయిన రంజాన్ నెలంతా గోడవైపు తిరిగి తిన్నదట. ఒకే ఇంట్లో ఉండి మాకెవ్వరికీ తెలియలేదు.

అక్క లేచి పోయింది. డ్యూటీకి పోయిందేమోననుకున్నా. తన ఇంట్లోంచి బొరుగుల ఉగ్గాని పళ్ళెం పట్టుకొచ్చి దాదీమా ఎదురుగా కూర్చుంది. "నేనూ తినలేదు దాదీ. ఒక్కదాన్నే తినల్లంటే నాకూ గొంతు దిగదు. రోజూ ఇద్దరం తిందాం" అంది. ఈలోపు మా నాన్న వచ్చాడు. తినిపించి సూది వేసే రమ్మని, ఆలస్యం సంగతి తాను చూసుకుంటానని డాక్టరు చెప్పాడట. దాదీమా కాసేపు ఆ పళ్ళెం వైపు, కాసేపు అక్క వైపు చూసి, బిస్మిల్లా అని రొట్టె తుంచింది. నాలుగు ముద్దలు దిగాకే అక్క మళ్ళీ సిరంజి మరిగించింది.

నెలంతా అలాగే జరిగింది. రోజా ఉండే వయసు లేని నేను కూడా వాళ్ళ పక్కన చేరేదాన్ని. సాయంత్రం అందరూ రోజా విడిచే వేళ దాదీమా వరుసలో మొదట కూర్చుని ఖర్జూరాలు పంచేది. గొంతు మళ్ళీ పెద్దదైంది. ఆ తర్వాత ఎన్నో రంజాన్‌లు చూసింది, మమ్మల్ని తిట్టడం మాత్రం ఒక్కనాడూ మానలేదు.

పెద్దయ్యాక నేనూ నర్సునయ్యాను, ఎమ్మిగనూరులో రిటైరయ్యేదాకా చేశాను. మందు చేతికొచ్చినప్పుడల్లా ముందు మంచం మీది మనిషి ముఖం చూశాను. వేయాల్సింది వేశాను, ఆపాల్సి వచ్చినప్పుడు ఆపాను. సూది ఆపడం ఆ అక్కకు చదువు నేర్పి ఉంటుంది. ఆపాక లేచి పోకుండా, కూర్చుని ఎందుకమ్మా అని అడగడం ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. నాకు మాత్రం ఆమే నేర్పింది.