ఊక పొయ్యి మీద ఎదురింటి పాలు

కిందటేడు ఎండాకాలంలో మా అక్క తన మెస్సులో వేపుడు మానేసింది. గుడివాడలో, బస్టాండుకి రెండు వీధుల అవతల, ఇంటి ముందు వసారాలో ఆమె ఇరవై ఏళ్ళుగా మెస్సు నడుపుతోంది. బావగారు పోయాక మొదలుపెట్టింది. బట్టల కొట్లలో పనిచేసేవాళ్ళు, ట్యుటోరియల్ మాస్టర్లు, ఆసుపత్రికి మనుషుల్ని తీసుకొచ్చినవాళ్ళు మధ్యాహ్నం అక్కడే తింటారు. నేను రిటైరై బందరులో ఉంటున్నాను. ప్రతి గురువారం బస్సెక్కి గుడివాడ వెళ్ళి అక్క చేతి అన్నం తిని వస్తాను. నాకు వేరే వ్రతాలేమీ లేవు.

ఆ గురువారం విస్తట్లో దొండకాయ వేపుడు లేదు. వంకాయ పచ్చడి ఉంది. ఆ పై వారమూ అంతే. అడిగితే, వేపుడు నూనె తాగుతుంది, గ్యాసూ తాగుతుంది, రెంటి రేటూ ఆకాశంలో ఉంది అంది. అప్పటికే భోజనం రేటు రెండుసార్లు పెంచిందట. పెంచిన ప్రతిసారీ కొన్ని విస్తళ్ళు తగ్గాయట. తగ్గినవాళ్ళు ఎక్కడ తింటున్నారో ఆమెకి తెలుసు. టీకొట్టు దగ్గర బన్ను ముంచుకు తింటున్నారు.

"ఇంకోసారి సిలిండరు రేటు పెరిగితే మూసేస్తానురా," అంది మజ్జిగ పోస్తూ. "మళ్ళీ రేటు పెంచి వాళ్ళ మొహాలు చూడలేను. మూసేస్తే మాత్రం నాకు తోచి చావదు. నలుగురికి వడ్డించందే నాకు ముద్ద దిగదు."

ఆమె ఆ మాట మామూలుగానే అంది. నాకు మాత్రం మజ్జిగ చేదైంది. మా అక్క ఏదైనా మామూలుగా అన్నదంటే అప్పటికి దాని గురించి నెల్లాళ్ళు ఆలోచించి ఉంటుంది.

ఇంటికి తిరిగి వస్తుంటే బస్సులో అమ్మ పొయ్యి గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు నాన్న బందరులో ఓ రైసు మిల్లులో గుమస్తా. జీతం అంతంత మాత్రమే గాని, ఇంటికి ఊక బస్తాలు ఊరికే వచ్చేవి. సర్కారు సబ్సిడీ మా గడప తొక్కడానికి చాలా ముందే మిల్లు మాకు సబ్సిడీ ఇచ్చిందన్నమాట. పాత రేకు డబ్బాకి అడుగున పక్కగా కన్నం చేయించి అమ్మ దాన్ని పొయ్యి చేసుకుంది. డబ్బా మధ్యలో ఖాళీ సీసా నిలబెట్టి, కన్నంలోంచి ఓ కర్ర దూర్చి, చుట్టూ ఊక దట్టించేది. సీసా ఒరగకుండా పట్టుకోవడం నా పని. దట్టించడం అక్క పని. తర్వాత కర్రా సీసా తీసేస్తే మధ్యలో బావిలా గొయ్యి మిగిలేది. కింద కన్నం దగ్గర నిప్పు పెడితే ఆ గొయ్యిలోంచి మంట లేచేది.

ఊక పొయ్యితో ఒక చిక్కుంది. ఒకసారి అంటుకుందంటే మధ్యలో ఆర్పడం కుదరదు. ఊకంతా కాలేదాకా కాలుతూనే ఉంటుంది. అందుకని అమ్మ ముందు అన్నం, తర్వాత పప్పు, ఆ తర్వాత పులుసు వండేది. మా వంట అయిపోయాక కూడా పొయ్యిలో గంటల తరబడి సన్నటి సెగ ఉండేది. ఆ సెగ మీద వీధి అంతా పాలు కాచుకునేది. "ఏమండీ, మీ పొయ్యి ఖాళీ అయిందా," అంటూ ఒకరి తర్వాత ఒకరు గిన్నెలు పట్టుకొచ్చేవారు. గిన్నెల మీద పేర్లు కొట్టించుకునే రోజులు కాబట్టి ఎవరి పాలు ఎవరివో తగాదా లేదు. పాలు ఎర్రగా కాగి మీగడ మందంగా కట్టేది. మా వీధి పెరుగు కత్తితో కోయాలని నాన్న ఎగతాళి చేసేవారు. ఊక మాదే అయినా, ఆ సెగ మాదని అమ్మ ఏనాడూ అనుకోలేదు.

గ్యాసు వచ్చిన రోజు అమ్మ సిలిండరుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. నెల్లాళ్ళు దాని మీద కాఫీ తప్ప ఏమీ కాచలేదు. కొత్త సిలిండరు పెట్టిన తేదీ కేలండరు మీద పెన్సిలుతో రాసుకునేది. అది అయిపోవచ్చినప్పుడు పక్కకి ఒరిగించి, వేడినీళ్ళు పోసి, ఆఖరి చుక్కదాకా పిండేది. నాన్న చూస్తే గుండె ఆగుతుందని ఆయన మిల్లుకి వెళ్ళాక చేసేది. ఊక పొయ్యి అటక ఎక్కింది. వీధిలో పాల గిన్నెల రాకపోకలూ ఆగిపోయాయి. నాకు ఆ సందడి పోయిందన్న బెంగ ఇప్పటికీ ఉంది.

ఇక నా ఉద్యోగం గురించి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పౌరసరఫరాల ఆఫీసులో గుమస్తాగా బందరు, గుడివాడ, అవనిగడ్డ తిరిగాను. తనిఖీలకి అధికారి వెంట రసీదు పుస్తకం పట్టుకుని వెళ్ళేది నేనే. ఎర్ర సిలిండరు ఇళ్ళకి. దాని ఖరీదులో కొంత ప్రభుత్వం భరించేది. నీలం సిలిండరు వ్యాపారాలకి. దానికి ఎవరూ ఏమీ భరించరు. ఇళ్ళ సిలిండరు హోటల్లో కనిపిస్తే పట్టుకోవాలి. నేను ఈ విషయంలో కచ్చితమైన మనిషినని పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా.

తర్వాత గురువారం పెరట్లో చేతులు కడుక్కుంటూ వంటింట్లోకి తొంగిచూశాను. నీలం సిలిండరు పక్కన, గోనెపట్టా కింద, ఎర్ర అంచు కనిపించింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారే, సరిగ్గా అలా అయింది నా పని.

అది ఎదురింటి టీచరుగారిదట. ఆవిడా భర్తా ఇద్దరే మనుషులు. ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి. వాళ్ళింట్లో గ్యాసు అట్టే ఖర్చు కాదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సిలిండరు వచ్చిందని, పాత దానిలో సగం ఇంకా ఉందని, వద్దన్నా వినకుండా ఆవిడే తెచ్చి పెట్టిందట.

ఇది తప్పన్నాను. ఆవిడ వాడుకోకపోతే వదిలేయాలి గాని వ్యాపారానికి ఇవ్వకూడదన్నాను. రేపు ఎవరైనా వచ్చి పట్టుకుంటే పరువేం కావాలన్నాను. అక్క వంకాయలు తరుగుతూ అంతా విని, కత్తిపీట పక్కకి పెట్టింది.

"అమ్మ పొయ్యి మీద ఊళ్ళో వాళ్ళ పాలన్నీ కాగాయి. అప్పుడు ఊక ఎవరిదని ఎవరైనా అడిగారట్రా?"

నా దగ్గర జవాబు ఉంది. ఊక మిల్లుది, అది నాన్నకి ఇచ్చిందే, ఇది వేరు, అది వేరు. ఆఫీసులో వందసార్లు చెప్పిన జవాబే. కాని ఆమె మొహం చూస్తే ఆ జవాబు నాకే పనికిమాలినదిగా తోచింది. అక్క కోసం నోరు మూసుకుంటే నా జీవితమంతా నేను చేసింది ఏమిటి అని కూడా అనిపించింది.

ఎందుకంటే అవనిగడ్డలో ఒకావిడ ఉండేది. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి. మేము వెళ్ళేసరికి బండి కింద ఎర్ర సిలిండరు ఉంది. ఆవిడ ఏడవలేదు, బతిమాలలేదు. ఇడ్లీ రేకులు ఇంకా పొయ్యి మీద ఉన్నాయి, ఇవి ఉడికేదాకా ఆగండయ్యా అంది. అధికారికి వేళయింది. పచ్చిపిండితోనే రేకులు దించింది. నేను రసీదు రాసి ఇచ్చాను. ఆ తర్వాత అటు వెళ్ళినప్పుడు ఆ బండి నాకు మళ్ళీ కనపడలేదు. ఇన్నేళ్ళలో ఆ సంగతి అక్కకి నేను చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఎర్ర సిలిండరు ఆటోలో వేయించి ఎదురింటికి చేర్చాను. వీధి దాటడానికి ఆటో ఎందుకని టీచరుగారు నవ్వారు. నా నడుము సంగతి ఆవిడకేం తెలుసు? అక్క గుమ్మంలోకి కూడా రాలేదు. ఒకటో తారీఖు నుంచి మెస్సు మూసేస్తున్నానని మాత్రం లోపల్నుంచి చెప్పింది.

ఆ రాత్రి బందరు తిరిగొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే మా ఇంటి అటక ఎక్కి అమ్మ డబ్బా దించాను. తుప్పు పట్టింది గాని కన్నం అలాగే ఉంది. గుడివాడలో ఓ మిల్లుకి వెళ్ళి ఊక అడిగితే అక్కడి గుమస్తా నన్ను ఎగాదిగా చూశాడు. "ఊకకీ రేటుందండీ ఇప్పుడు, బాయిలర్లకి వెళ్ళిపోతోంది," అన్నాడు. మా నాన్న కూడా మిల్లు గుమస్తాయేనని చెప్పుకున్నాక రెండు బస్తాలు ఇప్పించాడు.

అక్క పెరట్లో సీసా నిలబెట్టి, కర్ర దూర్చి, ఊక దట్టించాను. సీసా పట్టుకుని నిటారుగా పైకి లాగాను. చుట్టూ ఉన్న ఊకంతా భళ్ళున లోపలికి కూలింది. మళ్ళీ దట్టించాను, మళ్ళీ కూలింది. మూడోసారి కర్ర తీయకుండానే నిప్పు పెడితే వీధంతా పొగ కమ్మింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

అక్క కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. పొగకో మరి దేనికో. నన్ను పక్కకి జరగమంది. ఊక మీద గుప్పెడు నీళ్ళు చిలకరించింది. సీసాకి కూడా తడి చేసి నిలబెట్టింది.

"పట్టుకో. నీ పని అదేగా," అంది.

ఆమె దట్టిస్తుంటే సీసాని కొంచెం కొంచెంగా తిప్పుతూ ఉండాలట. చివర్లో కూడా తిప్పుతూనే పైకి తీయాలట. అరవై దాటిన ఇద్దరం పెరట్లో గొంతుక్కూర్చుని రేకు డబ్బాకేసి చూస్తుంటే, గొయ్యి నిలిచింది. మంట లేచింది. అక్క నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఊక పొయ్యి మెస్సుని మోయలేదు. నలభై మంది అన్నం దాని మీద ఉడకదు. కాని పప్పు, పులుసు, వేడినీళ్ళు పెరట్లోకి వచ్చేశాయి. ఇంకో రెండు డబ్బాలకి కన్నాలు పెట్టించాం. నీలం సిలిండరు ముందుకంటే ఎక్కువ రోజులు వస్తోంది. ఒకటో తారీఖు వచ్చింది, వెళ్ళింది, మెస్సు మూతపడలేదు. ఆ వారం విస్తట్లో దొండకాయ వేపుడు పడింది.

ఆ గురువారం భోజనాలయ్యాక నేను పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎదురింటి టీచరుగారు గేటు తీసుకుని వచ్చారు. చేతిలో పాల గిన్నె ఉంది.

"పిన్నిగారూ, పొయ్యి ఇంకా వేడిగానే ఉందాండీ? మా పాలు పెట్టుకుంటాను," అన్నారు.

అక్క గిన్నె అందుకుని సెగ మీద పెట్టింది. ఆ గిన్నె మీద పేరు లేదు. పాలు మెల్లగా ఎర్రబడుతుంటే, ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ వాసన వచ్చింది. నాకు ఎంతో హాయిగా ఉండాల్సింది. కాని అవనిగడ్డ ఆవిడ గుర్తొచ్చింది. అక్కని పిలిచి ఆ సంగతంతా చెప్పాను, పచ్చిపిండి రేకులతో సహా. అక్క గిన్నె దించి, పొయ్యిలోకి తొంగిచూసి, సెగ ఇంకా చాలాసేపు ఉంటుందంది.

అవనిగడ్డలో ఆ రోజు నా చేతిలో రసీదు పుస్తకం ఉంది. సిలిండరు పట్టుకోవడం తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను. కాని సీసా ఎలా తిప్పాలో అప్పటికి నేనింకా మరిచిపోలేదు. ఆవిడకి ఊక పొయ్యి సంగతి చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టేది.