అద్దాలు ఎక్కించిన కారు

అత్తమ్మ కుడికంట్లో శుక్లం తీసి వారం కూడా కాలేదు. దుమ్ము తగలకూడదని, పొయ్యి దగ్గరికి పోకూడదని వనపర్తి కంటి డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. మేముండేది గద్వాలలో. మళ్ళీ చూపించడానికి ఆమెను అద్దాలు దించకుండా కారులోనే తీసుకుపోవాలి. ఎండలు మండిపోతున్నాయి, ఏసీ వేస్తే వేడిగాలి ముఖాన కొడుతోంది. మా ఆయన పని మీద కల్వకుర్తి పోయాడు. అందుకని ముందురోజు నేనే కారును రోడ్డు పక్కనున్న ఒక షెడ్డుకు తీసుకెళ్ళాను.

అక్కడి మెకానిక్ బానెట్ ఎత్తి చూస్తూనే తేల్చేశాడు.

"గ్యాస్ అయిపోయింది మేడం. నింపితే మంచులెక్క కొడ్తది."

"ఎందుకు అయిపోయింది? యాడన్న లీకుందేమో జర చూడండి."

"పాత బండి గద మేడం, గట్లనే అయిపోతది."

తడిగోనె చుట్టిన చిన్న సిలిండరు తెచ్చి పైపు తగిలించాడు. ఎండకు వేడెక్కకుండా గోనె చుట్టాడేమో అనుకున్నాను. కాసేపటికి లోపల నిజంగానే చల్లబడింది. రేపటి ప్రయాణానికి ఇక బెంగ లేదనుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దెక్కాక బయల్దేరాం. నల్లద్దాలు పెట్టుకుని, కొంగు తల మీద కప్పుకుని అత్తమ్మ నా పక్క సీట్లో కూర్చుంది. ఎర్రవల్లి చౌరస్తా దాటి పెద్దరోడ్డెక్కేసరికి కుళ్ళిన ఉల్లిగడ్డ వాసనలాంటిది వచ్చింది. సంచిలో టిఫిన్ డబ్బా ఉంది, అందులో ఏదైనా పాడైందేమో అనుకున్నాను.

"అత్తమ్మా, ఏమన్న వాసనొస్తుందా?"

"నాకేం తెల్వదు బిడ్డా. నిద్రొస్తుంది."

బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటుతుంటే నా కణతలు బరువెక్కాయి. ఏసీ ఇంకొంచెం పెంచాను. వాసన కూడా పెరిగింది. ఎక్కడో ఎరిగిన వాసనే, కానీ గుర్తు రావడం లేదు. అంతలో అత్తమ్మ నడుముకు దోపుకున్న చిన్న మూట విప్పింది. చేను పనులకు పోయే రోజుల నుంచీ ఆమెకు బీడీ అలవాటు. ఆపరేషన్ అయినప్పటి నుంచి దాచుకుని తాగుతోంది.

"ఒక్కటి తాగుత. పానం గుంజుతుంది," అంటూ బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె తీసింది.

అగ్గిపెట్టె చూడగానే నాకు ఆ వాసన ఏమిటో తెలిసింది. వంటింట్లో స్టవ్ బటన్ కట్టేయడం మరిచిపోతే వచ్చే వాసన అది.

"గీకకు! అత్తమ్మా, గీకకు!"

ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని రెండో చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాను. కారు పక్కకు జరిగింది. వెనక లారీ హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని రాసుకున్నట్టే పోయింది. పుల్లలన్నీ ఆమె ఒళ్ళో చెదిరిపోయాయి. ఎలాగో రోడ్డు పక్కకు దించి బండి ఆపాను.

"బీడీ తాగొద్దంటే నోటితోని చెప్పరాదా? చెయ్యి ఇరగ్గొడ్తవా?" మణికట్టు రుద్దుకుంటూ ఆమె కసిరింది.

తలుపు తీసి, అటువైపు పరుగెత్తి, ఆమెను లాగినట్టే దించి దూరంగా చేను గట్టు దాకా నడిపించాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉందని. ఏసీ తిరుగుతూనే ఉంది. తాళం తిప్పితే ఏమవుతుందో తెలియదు. తిప్పకుండా వదిలేస్తే ఏమవుతుందో అదీ తెలియదు. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచాను. తెరిచిన తలుపులోంచి చెయ్యి మాత్రం పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని తాళం తిప్పాను. ఇంజన్ ఆగింది. అంతకు మించి ఏమీ కాలేదు. నాలుగు తలుపులూ తెరిచి, పడుతూ లేస్తూ అత్తమ్మ దగ్గరికి చేరాను.

సంగతి చెప్పాను. ఆమె చీర మడతల్లో ఇంకా ఇరుక్కుని ఉన్న పుల్లలను ఒక్కొక్కటే తీసి దూరం విసిరేసింది.

మా ఆయనకు ఫోన్ చేస్తే, వనపర్తిలో తనకు తెలిసిన ఏసీ మెకానిక్‌తో మాట్లాడించాడు. "అక్కా, బండి బందువెట్టిన్రు గద? మల్ల స్టార్ట్ చేయకుండ్రి. దగ్గరికి ఎవర్నీ రానియ్యకుండ్రి. నేనే వస్తున్న," అన్నాడతను.

అతను వచ్చేదాకా ఎండలో, దుమ్ములో నిలబడ్డాం. లారీ పోయినప్పుడల్లా ఆమె కన్ను నా కొంగుతో కప్పేదాన్ని. కారు సంగతి ఒక ఎత్తు, ఆ కన్ను పోతే ఆమెకు ఏం చెప్పాలన్న భయం ఇంకో ఎత్తు.

మోటార్‌సైకిల్ మీద వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి, పైపు మూత దగ్గర వాసన చూసి చటుక్కున వెనక్కి జరిగాడు.

"కార్ల పోసేది కాదక్కా ఇది. వంటగ్యాస్ ఎక్కిచ్చిండ్రు. ఇది సుత సల్లగనే చేస్తది. లీకైందంటేనే..." అత్తమ్మ వైపు చూసి మాట మింగేశాడు.

బ్యాటరీ వైరు ఊడదీసి, పొడుగు గొట్టం తగిలించి, దాని కొసను గాలివాటుగా దున్నిన చేనులోకి లాగాడు. మమ్మల్ని ఇంకా దూరం పొమ్మన్నాడు. గ్యాస్ బుస్సుమంటూ పోతుంటే అతని మెడ మీద చెమట కారింది. ఆ చప్పుడు ఆగేదాకా అత్తమ్మ నా వేళ్ళు వదల్లేదు.

తర్వాత అతను వైరు మళ్ళీ తగిలించి, అద్దాలన్నీ దించి, తన మోటార్‌సైకిల్ అక్కడే వదిలి కారును వనపర్తిలోని తన షెడ్డుకు తీసుకుపోయాడు. మేం బస్సెక్కి ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కన్ను కొంచెం ఎర్రబడిందని, ప్రమాదం లేదని, చుక్కలు వేయమని చెప్పాడాయన. అది విన్నాకే నాకు ఏడుపొచ్చింది.

మెకానిక్ విప్పి చూస్తే డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌కు సన్నటి చిల్లు పడి ఉంది. మొదటి గ్యాస్ అందులోంచే పోయింది, రెండోది మా మధ్యకే వచ్చింది. కొత్త కాయిల్ వేసి, పైపుల్లోని గాలంతా మిషన్‌తో లాగేసి, లీకు లేదని చూసుకున్నాక అసలు గ్యాస్‌ను తూకం వేసి నింపారు. కారు ఇంటికొచ్చినా నాలుగైదు వారాలు నేను ఏసీ ముట్టలేదు.

గద్వాల షెడ్డుకు మాత్రం వెళ్ళాను. జరిగింది చెబితే అక్కడి మెకానిక్ నవ్వేశాడు.

"అందరు గిదే నింపుతరు మేడం. ఇన్నేండ్ల సంది ఒక్క బండికి ఏం గాలె."

అతని వెనక ఇంకో కారు బానెట్ ఎత్తి ఉంది. తడిగోనె చుట్టిన సిలిండరు పక్కనే ఉంది. వెనక సీట్లో ఒకామె చంటిబిడ్డకు పాలిస్తోంది. నేను నేరుగా ఆమె దగ్గరికి పోయి, ఆ సిలిండరులో ఉన్నది వంటగ్యాస్ అని చెప్పాను. మెకానిక్ నా మీద అరిచాడు. ఆమె భర్త మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు, ఎవరి మాట నమ్మాలో అతనికి తెలియలేదు. ఆమె మాత్రం ఇంకేమీ అడగకుండా బిడ్డను ఎదకు హత్తుకుని కారు దిగింది.