ఆఖరి భాగం బెల్లానికి పోయింది

ఈ మధ్య బెల్లం ప్లాస్టిక్ కవరులో వస్తోంది. విప్పి చూస్తే బెల్లం వాసనే తప్ప ఇంకేమీ రాదు. మా చిన్నప్పుడు అనకాపల్లిలో దానికి అచ్చు సిరా వాసన కూడా ఉండేది. మా బెల్లం కొట్లో నమూనా ముక్కలు చుట్టడానికి మా నాన్న ఇంట్లోని వారపత్రికలన్నీ పట్టుకుపోయేవాడు మరి.

ఆ పత్రికల్లో రచయిత్రుల సీరియళ్లు వచ్చేవి. వేసవి మధ్యాహ్నాలు, పెరట్లో మాగాయ ముక్కలు ఎండుతుంటే, పనస తొనల జిగురు చేతుల్ని నూనెతో తుడుచుకుని, మా ఇంటి ఆడవాళ్లు నాన్న పట్టుకుపోకముందే ఆ పేజీలను కత్తిరించి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి నవల తయారుచేసేవారు.

మా మేనత్త పార్వతత్త కోటవురట్ల నుంచి మొగుడి మీద అలిగి వచ్చేసిన వేసవి అది. ఆవిడ ఏళ్ల తరబడి కుట్టుకున్న నవలల్ని మావయ్య పాత పేపర్లతో కలిపి తూకానికి అమ్మేశాడు. ఇక ఆ గుమ్మం తొక్కనని అత్త శపథం చేసి, ఆ వెంటనే ముంజెలు తింది.

సరిగ్గా అప్పుడే సీరియల్లో కథానాయిక కూడా మొగుణ్ని వదిలి పుట్టింటికి చేరింది. మా ఇంటి సంగతి రచయిత్రికి ఎవరు చేరవేశారో తెలీదు.

"ఆ పిల్ల తిరిగెల్తే నానూ ఎల్తాను. నేదంటే నేదు," అని అత్త తేల్చేసింది.

దాంతో కూతురి కాపురం ఒక రచయిత్రి చేతిలో పడిందని మామ్మకి బెంగ పట్టుకుంది. పత్రిక వచ్చే రోజున దేవుడి దీపం కూడా మరిచి వీధిలో నిలబడేది. అత్త పైకి చదువుతుంటే పక్కింటి సూరీడమ్మ కథానాయికకి సలహా ఇవ్వకుండా ఊరుకునేది కాదు.

"ఎల్లకే తల్లీ, ఆడింకా తప్పయిందని అన్నేదు!"

"నోర్ముయ్యవే, మా అల్లుడు మంచోడు," అనేది మామ్మ, ఎవరి గురించి మాట్లాడుతున్నారో కూడా చూసుకోకుండా.

ఆఖరి భాగం వచ్చిన పొద్దున, ఎవరూ చదవకముందే, నాన్న అందులో బెల్లం ముక్క చుట్టి ఒరిస్సా వ్యాపారి చేతిలో పెట్టేశాడు. ఊళ్లో ఇంకో కాపీ దొరకలేదు.

"ఏటి సేసేవన్నియ్యా!" అంది అత్త.

"సరుకు మంచిదైనప్పుడు కాయితం కూడా మంచిదుండాల గదే," అన్నాడు నాన్న.

అందరం ఏడుపు కోసం ఎదురుచూశాం. అత్త ఏడవలేదు. అన్నని ఎగాదిగా చూసింది.

"అక్కడా ఇదే, ఇక్కడా ఇదే. అక్కడైతే నా ఇల్లు, నా కాయితాలకి పెట్టె నాది, తాళం నాది."

నాన్న చేతే ఇనప్పెట్టె, తాళంకప్ప కొనిపించుకుని సాయంత్రం బస్సెక్కింది. మామ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. న్యాయంగా ఒరిస్సా వ్యాపారికి కొట్టాలి.

ఇప్పుడు ఆ పత్రికా లేదు, మామ్మా లేదు. మా వీధి ఆడవాళ్లు ఎవరి చెవుల్లో తీగలు వాళ్లు పెట్టుకుని ఎవరి నవల వాళ్లు వింటున్నారు. కథానాయికకి సలహా ఇవ్వడానికి పక్కింటి నుంచి ఎవరూ రారు. ఆ నవలలు మాత్రం ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి, ఎందుకో తేల్చడానికి పెద్దలు సభలు పెడుతున్నారు.

మొన్న ఆ పాత సీరియల్ పుస్తకంగా దొరికితే, ఆఖరి అధ్యాయం అత్తకి ఫోన్లో చదివి వినిపించాను. నాయకుడు రెండు పేజీల పాటు క్షమాపణ చెప్పుకున్నాడు. ఎన్ని పేజీలని అత్త అడిగింది, చెప్పాను.

"రెండు పేజీలే! మీ మావయ్య ఇంకా మొదటి ముక్క కాడికే రానేదు. మళ్లీ సదువు."