మిషనక్క కోళ్లు ఏమయ్యాయంటే

మా వీధి మిషనక్క జబ్బు కోళ్లను గుట్టుగా సంతలో అమ్మేసిందనీ, ఆ పాపమే వీధంతా చుట్టుకుందనీ ఇప్పటికీ కొందరు అంటున్నారు. అది అబద్ధం. గోడకు ఇవతల నిలబడి కళ్లారా చూసినదాన్ని నేను. అప్పట్లో నాకు ఒట్టు అడ్డొచ్చింది. ఇప్పుడు ఆవిడ వదినగారికి కూడా అంతా తెలుసు. "రాయి పిన్నీ, నా సంగతీ దాచకు" అని ఆ వదినగారే అంది కాబట్టి రాస్తున్నాను.

మిషనక్క వీధి చివరి గదిలో జాకెట్లు కుడుతుంది. కూర్చుని చేసే పనే గానీ ఆవిడ కూర్చున్నట్టే ఉండదు. నాలుగు కుట్లు వేసి లేస్తుంది, దొడ్లోకి పరిగెత్తి కోళ్లకు తవుడు కలుపుతుంది, మళ్లీ వచ్చి తొక్కుతుంది. గుండుసూదులు పెదాల మధ్య ఉండగానే నాతో కబుర్లు చెబుతుంది. కోళ్లకు దారపు ఉండల రంగులే పేర్లు: నేరేడు, గంధం, ఇటుక.

భర్త అక్కగారితో ఆవిడకు చాలా ఏళ్లుగా మాటల్లేవు. గొడవ ఒక జాకెట్టు దగ్గర వచ్చింది. చంకల్లో పట్టేసిందని వదినగారు, "కొలత సరిగ్గానే ఉంది వదినా, నువ్వే ఒళ్లు చేశావు" అని ఈవిడ. అంతే.

అలాంటి వదినగారు ఒకరోజు బుట్టలో ఎర్ర కోడిపెట్టను పెట్టుకుని తనంతట తనే మిషనక్క గుమ్మం ఎక్కింది.

"సంతలో దీన్ని చూడగానే నువ్వే గుర్తొచ్చావే. మొహం చూడు, పోట్లాటకి సిద్ధంగా ఉంది!"

ఇద్దరూ నవ్వి, ఏడ్చి, మళ్లీ నవ్వారు. పెట్ట కాస్త ముడుచుకున్నట్టుందని నేను గోడ మీంచే అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. కొత్త కోడిని కొన్నాళ్లు విడిగా గంప కింద ఉంచాలని మిషనక్కకు తెలియక కాదు. వదిన చూస్తుండగా ఆవిడ తెచ్చినదాన్ని వెలివేసినట్టు ఎలా ఉంచుతుంది? తిన్నగా తీసుకెళ్లి తన కోళ్ల మధ్యే వదిలింది.

అది కొక్కెర తెగులు, కోళ్లను ఊడ్చేసే అంటుజబ్బు. ఎర్ర పెట్టే ముందు పోయింది. తర్వాత నేరేడు మెడ మెలిపడింది, గంధం పచ్చగా పారుకుంది, ఇటుక నోరు తెరుచుకుని గురగురలాడింది. గూడు ఖాళీ అయింది. దొడ్డి మూల గొయ్యి తీసి, సున్నం చల్లి పాతిపెడుతుంటే గోడ మీద నా తల ఆవిడకు కనిపించింది.

"చూశావా పిన్నీ?"

"నేనేం చూళ్లేదు. గొయ్యి ఇంకాస్త లోతు తవ్వు, కుక్కలు లాగుతాయి."

"తన పెట్టవల్లే ఇదంతా అని తెలిస్తే వదిన సిగ్గుతో మళ్లీ ఈ గడప తొక్కదు. నామీద ఒట్టే, ఎవరికీ చెప్పకు."

నోట్లో నువ్వుగింజ నానని నాకు ఒట్టు!

ఒకరి కోళ్లు ఇంకొకరి దొడ్లో తిరిగే వీధి మాది. పక్క దొడ్లలోనూ కోళ్లు తూలడం మొదలైంది. మిషనక్క గూడు ఖాళీగా కనబడేసరికి "అమ్ముకుంది" అన్నారు. వచ్చి నిలదీస్తే ఆవిడ తల ఎత్తకుండా మిషను తొక్కేది. కుట్టడానికిచ్చిన గుడ్డలు ఒక్కొక్కరే వెనక్కి పట్టుకుపోయారు. సూది కింద గుడ్డ లేకపోయినా ఆవిడ కాళ్లు ఆగేవి కావు. నాకూ ఇంట్లో కాలు నిలవలేదు. పొయ్యి మీద పాలు పెట్టి గోడ దగ్గరికి, అక్కణ్ణుంచి వీధిలోకి. పాలు రోజూ పొంగిపోయేవి.

అంతలో వదినగారు పెట్టను చూడాలని వచ్చింది.

"పొదుగుకొచ్చింది వదినా. పిన్ని వాళ్లింట్లో గుడ్ల మీద వేశాం" అంది మిషనక్క, నావైపు చూడకుండా.

"ఇప్పుడు కదిలిస్తే లేచిపోతుందమ్మా" అని నేనూ ఒక మాట కలిపాను.

వదినగారు దొడ్డంతా కలియతిరిగి, తన కోళ్ల ముచ్చట్లు చెప్పుకుని, మురిసిపోతూ వెళ్లింది.

మర్నాడు పశువుల ఆస్పత్రి కాంపౌండరు ఐసు డబ్బాలో మందు చుక్కలు పట్టుకొచ్చాడు. ఆడవాళ్లు అతన్ని నేరుగా మిషనక్క గుమ్మంలోకే తీసుకొచ్చారు.

"తప్పెవరిదని అడగడం లేదమ్మా" అన్నాడు. "జబ్బు పడ్డవాటికి ఈ చుక్కలు పనిచేయవు. ఇంకా అంటని చోటికి ముందు వెళ్లాలి. ఇక్కణ్ణుంచి కోళ్లు ఎక్కడికైనా వెళ్లాయా? ఎవరైనా వచ్చి వెళ్లారా? చెప్పులకంటుకునైనా పోతుందిది."

"సంతకి మోసిన చేతుల్నడుగు బాబూ!" అంది పాలావిడ.

మిషను ఆడుతూనే ఉంది. చెప్పకపోతే వదినగారి కోళ్లు పోతాయి, చెబితే వదినగారే పోతుంది. నావల్ల కాలేదు. ఒట్టు తీసి గట్టున పెట్టి, వెళ్లి ఆవిడ భుజం పట్టుకున్నాను.

"ఒసేయ్, ఇంతమందిలో నేనే అడుగుతున్నాను. నీ కోళ్లేమయ్యాయి?"

కాళ్లు ఆగాయి.

"అమ్మలేదు పిన్నీ, చచ్చాయి. జబ్బు నా దొడ్లోనే పుట్టింది, ఇంకెక్కణ్ణుంచీ రాలేదు. నిన్న మా వదిన ఈ మట్టంతా తొక్కి, ఆ చెప్పులతోనే ఇంటికెళ్లింది. నావల్ల ఆవిడ కోళ్లు పోకూడదు. బాబూ, నువ్వు ముందు వాళ్లింటికెళ్లు. మందు మిగిలితే అప్పుడు ఇటు రా."