మూలన పడ్డ వేణువులు

వీధి వీధంతా ఆయన్ని వేణువుల మామయ్య అంటుంది. వెదురు ఎండబెట్టి, ఎర్రగా కాల్చిన చువ్వతో రంధ్రాలు పెట్టి, చివరికి మనసులో ఇరవై లెక్కపెట్టేదాకా ఒక్క ఊపిరితో స్వరం నిలిపి చూస్తారు. నిలవని వేణువు మూలకు పోవలసిందే.

ఆ ఏడాది మూల నిండిపోయింది. పచ్చి వెదురు అంటగట్టావని వెదురు అమ్మే ఆయనతో తగువు పెట్టుకున్నారు. కొత్త మోపు తెచ్చినా అదే తంతు. పొడిదగ్గు, నీరసం, మోకాళ్ల కింద ఎర్రగా నొప్పిపెట్టే గడ్డలు ఉన్నా, వాటికీ వేణువుకూ ముడి ఉందని ఆయనకు తోచలేదు.

ఒకరోజు మూల ఊడుస్తూ భార్య ఒక వేణువు తీసి ఊదింది. స్వరం నిలిచింది. ఇంకోటి తీసింది. అదీ నిలిచింది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత తన నెత్తినే వచ్చి కూర్చుందని మామయ్యకు అర్థమైంది. సిగ్గు కంటే భయమే ఎక్కువ వేసింది. ఊపిరి లేకపోతే ఈ మనిషికి ఇంకో పని రాదు.

"వేణువులు బాగానే ఉన్నాయండీ. రేపు డాక్టరు దగ్గరికి పోదాం" అందామె.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల దగ్గర రెండు పక్కలా గ్రంథులు ఉబ్బి కనిపించాయి. ముందు అందరూ టీబీ అనే అనుకున్నారు. కఫంలో ఆ క్రిమి దొరకలేదు. సన్నని గొట్టం లోపలికి పంపి చిటికెడు కండ తీసి పరీక్షిస్తే సార్కాయిడోసిస్ అని తేలింది. ఆ పేరు పలకడానికే మామయ్యకు రెండు రోజులు పట్టింది. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఎందుకో గుంపులు కట్టి కూర్చుంటాయట. అంటుకునేది కాదట, క్యాన్సరూ కాదట. కొందరికి దానంతటదే తగ్గుతుందనీ, ఈయనకు ఊపిరి తగ్గింది కాబట్టి స్టిరాయిడ్ మాత్రలు తప్పవనీ డాక్టరమ్మ చెప్పింది. కళ్లకూ పాకవచ్చని కంటి డాక్టరు దగ్గరికి పంపింది. బాగుంది కదా అని మాత్రలు మానేస్తే ఊరుకోననీ, తానే మెల్లగా తగ్గిస్తాననీ గట్టిగా హెచ్చరించింది.

"మళ్లీ ఊదగలనా, డాక్టరమ్మా?"

"చాలామంది కోలుకుంటారు. తొందర మాత్రం పడకండి."

మాత్రలకు ఆకలి పెరిగింది, మొహం గుండ్రంగా తయారైంది. కొత్త అల్లుడిలా ఉన్నానని అద్దంలో చూసుకుని ఆయనే నవ్వుకున్నారు. చేయడం ఆయన వంతు, ఊదడం భార్య వంతు అయింది. ఆమె ఊదుతుంటే కళ్లు మూసుకుని విని, ఏ రంధ్రం సవరించాలో తేల్చుకునేవారు. పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో ఆమెకు ఇంత ఊపిరి ఉందని ఆయనకు తెలియనే తెలియదు.

ఏడాది తిరిగేసరికి ఊపిరి పరీక్షలో అంతా మామూలుకొచ్చింది. ఇంటికి రాగానే మామయ్య ఒక వేణువు అందుకుని ఊదారు. స్వరం తెగలేదు. సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకున్నారు.

"హమ్మయ్య, ఇక మీ పని మీకు అప్పగించేశాను" అంటూ భార్య లేవబోయింది.

ఆయన ఆ వేణువును తుడిచి ఆమె చేతిలోనే పెట్టారు.

"కూర్చో. నేను ఊదితే నాకు నా ఊపిరే వినిపిస్తుంది. నువ్వు ఊదితేనే వేణువు వినిపిస్తుంది."