తిట్టినప్పుడు వచ్చే నవ్వు

2023 వానాకాలం. మా పెద్దలు రంగూన్ అనే యాంగోన్‌లో, సంచౌంగ్ బజారు వెనక, నూడుల్స్ కొట్టు మేడమీద మా ట్రైనింగ్ సెంటరు. జపాన్ రెస్టారెంట్లలో పనికి వెళ్ళేవాళ్ళకి భాషా, మర్యాదా నేర్పుతాం. నేను చదివింది జువాలజీ. నేర్పేది నడుం ఎంత వంచాలో. రెంటికీ వెన్నెముక కావాలి గనక చదువు పూర్తిగా వృథా పోలేదనుకుంటాను.

ఆ బ్యాచ్‌లో పైడమ్మ ఉండేది. పాస్‌పోర్టులో మాత్రం బర్మా పేరు, 'మా తీడా'; ఆ 'మా' మన 'కుమారి' లాంటిది. మా తాతల్లాగే ఆమె తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో ఒక ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టే పని మానేసి జపనీసు నేర్చుకుంది. బాగానే నేర్చుకుంది. అయినా రెండు ఇంటర్వ్యూలు పోయాయి. కారణం నవ్వు.

ఇంటర్వ్యూలో 'కురేమూ' అని ఒక రోల్ ప్లే ఉంటుంది. కురేమూ అంటే కస్టమరు ఫిర్యాదు. మేనేజరే కస్టమరు వేషం కట్టి, సూపులో వెంట్రుక వచ్చిందని కసురుకుంటాడు. అభ్యర్థి నవ్వకుండా, వంగి క్షమాపణ చెప్పాలి. మా ఊళ్ళో అలా కాదు. బస్సులో కాలు తొక్కినా, టీకొట్టులో గ్లాసు పగలగొట్టినా ముందు నవ్వుతాం, తర్వాత మాట్లాడతాం. సిగ్గుగా ఉంది, కోపం తెచ్చుకోకండి అని దానర్థం. జపాన్‌లో దానర్థం: సూపు మీదే, వెంట్రుకా మీదే, మాకేం పట్టదు.

"ఈ మూడో ఇంటర్వ్యూ కూడా పోతే ఏటి సేస్తావమ్మా?" అని అడిగాను.

"మా పిన్ని ఫ్యాక్టరీలో నా మిషను ఎవులికీ ఇయ్యకుండా అట్టిపెట్టింది సయా," అంది. పంతుల్ని ఇక్కడ సయా అంటారు. ఆ మాట అంటూ కూడా నవ్వింది.

"నవ్వొస్తే నాలిక కొరుక్కో."

"కొరుక్కున్నాను సయా. నొప్పెడతంది గానీ, నవ్వూ వస్తంది."

రోజూ నేనే కస్టమరునై తిట్టేవాణ్ణి. నాకు అందులో సహజ ప్రతిభ ఉందని మా ఆవిడ అభిప్రాయం. పోనుపోను పైడమ్మ ముఖం ఎంత బిగుసుకుందంటే, స్వాగతం చెప్పినా సంతాపం చెబుతున్నట్టుండేది.

ఇంటర్వ్యూ రోజు ఒసాకా నుంచి వీడియో కాల్. సగంలో కరెంటు పోయింది. మా జనరేటరు కాస్త ఆలోచించుకుని గాని మొదలవదు. తెర మళ్ళీ వెలిగేసరికి మేనేజరు కోపంగా ఉన్నాడు. ఈసారి వేషం కాదు.

"ఇంటర్వ్యూ ఉందని తెలుసు కదా? ఏర్పాట్లు చూసుకోవద్దా?" అన్నాడు, నన్ను.

ఏళ్ళ తరబడి నేర్పిన క్షమాపణ అంతా అప్పజెప్పాను. మాటలు సరిగ్గా పడ్డాయి. నడుమూ సరిగ్గానే వంగింది. తల ఎత్తితే తెర మూలన నా ముఖం కనిపించింది. చెవులదాకా నవ్వు. ఆపబోతే ఇంకా పెరిగింది. మేనేజరు కనుబొమలు ముడిపడ్డాయి.

పైడమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. నవ్వకుండా లోతుగా వంగింది. "మీ సమయం పాడుచేశాం, మన్నించండి," అని జపనీసులో చెప్పింది. "మా సయాకి సిగ్గేసింది. సిగ్గేస్తే మేం అలాగే నవ్వుతాం."

మేనేజరు ఆమెను అడిగాడు: "నువ్వూ నవ్వుతావా?"

"నవ్వుతానండి. మీ కస్టమర్ల ముందు నవ్వను."

ఉద్యోగం వచ్చింది. మెట్లు దిగుతూ, "నాలిక కొరుక్కోవలసింది సయా," అంది. నేను వినపడనట్టు గొడుగు తెరిచాను.

ఒసాకా వెళ్ళాక ఫోన్ చేసింది. తిట్లు పడుతున్నాయా అని అడిగాను.

"పడకుండా ఉంటాయేటి? వంగి ఒప్పేసుకుంతన్నాను."

"మరి నవ్వు?"

"పెద్ద ఫ్రిజ్జుంది సయా. దానెనక్కెళ్ళి నవ్వుకొని వస్తన్నాను. మొదటిసారి ఎల్తే అక్కడ ముందే ఓ నేపాలమ్మాయి నవ్వతా నిలబడుంది."

అంతవరకూ నేను నవ్వు మానడం నేర్పుతున్నాననుకున్నాను. నాకే చేతకాని విద్య అది. దాన్ని మానక్కర్లేదనీ, ఒక చోటు చూసుకుంటే చాలనీ తెలిసింది. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కీ ఆఖరి క్లాసులో వంగడం గురించి మాట్లాడను. వెళ్ళగానే ఫ్రిజ్జు ఎక్కడుందో చూసుకోండి అని చెబుతాను.