తిప్పి పంపిన మూడు మెయిళ్లు

నిజామాబాద్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. ఇంటర్నెట్ అప్పుడప్పుడే జిల్లాకు అలవాటవుతున్న రోజులు. ఒకప్పుడు చాక్‌పీసు డబ్బాలు పెట్టుకున్న చిన్న గదిలో మా మెయిల్ సర్వర్ ఉండేది. కాలేజీలో అందరికీ మెయిల్ అడ్రసులు ఇచ్చింది నేనే.

ఆఫీసులో టైపు చేసే ఆమెను మేమంతా అక్క అనేవాళ్లం. రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చేది. నలభై దాటిన మనిషి. తల్లిదండ్రులు చెరకు కొట్టే కూలీలు, ఎప్పుడో పోయారు. తమ్ముణ్ణి తనే పెంచింది. అతను గల్ఫ్‌లో బిల్డింగు పనికి వెళ్లాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పక్కింటివాళ్ల ఫోన్‌లో మాట్లాడుకునేవారు. మధ్యలో ఏమన్నా ఉంటే మెయిల్.

"మా తమ్మునికి యాదుండేటట్టు అడ్రసు చిన్నగ పెట్టు తమ్మీ" అని అడిగింది. ఆమె పేరులోని నాలుగు అక్షరాలతో పెట్టి ఇచ్చాను.

ఆ ఏడాది దొంగ మెయిళ్లు విపరీతంగా పెరిగాయి. లాటరీ తగిలిందని ఒకటి, మందులు అమ్ముతామని ఇంకొకటి. ప్రిన్సిపాల్ రోజూ విసుక్కునేవారు. నేను పుస్తకాలు తిరగేసి సర్వర్‌లో ఒక తనిఖీ పెట్టాను. మెయిల్ రాగానే మా సర్వర్, అది వచ్చిన చోటి సర్వర్‌ని అడుగుతుంది: ఈ అడ్రసు గలవాళ్లు మీ దగ్గర ఉన్నారా అని. లేరంటే మెయిల్‌ని లోపలికి రానివ్వదు. వారంలో చెత్తంతా ఆగిపోయింది. ప్రిన్సిపాల్ స్టాఫ్ మీటింగులో నన్ను మెచ్చుకున్నారు. ఆ రోజు చాలా పొంగిపోయాను.

రెండు నెలలు గడిచాయి. ఒక శనివారం మధ్యాహ్నం అక్క తమ్ముడు పోయాడని పక్కింటివాళ్లకు ఫోన్ వచ్చింది. పనిచేస్తుండగా పైనుంచి పడ్డాడట. శవం రావడానికి మూడు వారాలు పట్టింది. సమాధి చేసే రోజు మేం కాలేజీ నుంచి నలుగురం బోధన్ వెళ్లాం. దారి పొడుగునా చెరకు బండ్లు.

శవపేటికతో పాటు అతని స్నేహితుడు, జక్రాన్‌పల్లి మనిషి, వచ్చాడు. అంతా అయిపోయాక అక్క పక్కన నేల మీద కూర్చుని చెప్పాడు.

"పడ్డంక ఆరు రోజులు దవాఖానల ఉన్నడక్కా. నేను వేరే సైటు మీద ఉంటి, నాకు ఆఖరి రోజు తెలిసింది. నంబర్ల డైరీ రూముల ఉండిపాయె. నీ మెయిల్ అడ్రసొక్కటే నోటికొచ్చునట. దవాఖాన నర్సమ్మ మూడు మాట్ల మెయిల్ రాసింది. అక్క జవాబిచ్చిందా అని పొద్దుమాపు అడిగిండట."

"నాకేం రాలే బిడ్డా. దినాం సూస్తనే ఉన్న" అంది అక్క.

నేను ఆ వెనకే నిలబడి ఉన్నాను. నేను పెట్టిన తనిఖీ గుర్తొచ్చింది.

మర్నాడు సర్వర్ చిట్టా తెరిచాను. వచ్చినవీ పోయినవీ అది వరుసగా రాసుకుంటుంది. మూడూ అందులో ఉన్నాయి. ఆ ఆసుపత్రి అడ్రసు పంపడానికే తప్ప తీసుకోవడానికి కాదు. మా సర్వర్ అడిగితే అక్కడ అలాంటివాళ్లు లేరని జవాబు వచ్చింది. మూడుసార్లూ వెనక్కి పంపింది. తిప్పి పంపిన సంగతి ఆ నర్సుకూ తెలిసి ఉండదు, ఆ కబురు అందుకునే పెట్టె అక్కడ లేదు కనుక.

ఆ చిట్టా చూడగలిగేవాణ్ణి కాలేజీలో నేనొక్కణ్ణే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అక్క పనిలోకి వచ్చాక కూడా రెండు రోజులు నోరు తెరవలేకపోయాను. మూడో రోజు భోజనాల వేళ ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లాను.

"మెయిళ్లు వచ్చినయక్కా. నేను పెట్టిన చెకింగే వాపస్ పంపింది."

ఆమె కుర్చీ నా వైపు తిప్పుకుంది. "ఏం రాసిండ్రో సూపియ్యి తమ్మీ."

"లోపలికే తీసుకోలేదక్కా. ఎవరు పంపిండ్రు, ఎప్పుడొచ్చింది, గంతే ఉంటది."

"ఒక్క ముక్క గూడ లేదా?"

"లేదక్కా."

"ఆఖరుది ఏ రోజొచ్చింది?"

"బేస్తారం పొద్దుగాల" అన్నాను. అతను పోయిన కబురు రావడానికి రెండు రోజుల ముందు, గురువారం.

"బేస్తారం నేను రెండు మాట్ల తీసి సూసిన" అంది. అన్నం డబ్బా మూత పెట్టేసింది.

ఆ నర్సుకు మెయిల్ పంపడానికి వీల్లేదు. ఆసుపత్రి పేరు మీద పోస్టులో ఉత్తరం రాశాను. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఆమె కేరళ మనిషి, ఇంగ్లీషులో ఎనిమిది లైన్లు రాసింది. అక్క దాన్ని నా చేతే తెలుగులో చెప్పించుకుంది. మొదటి రెండు మెయిళ్లలో దెబ్బలు తగిలాయి, భయపడొద్దు అని రాయించాడట. మూడోదాని దగ్గర నేను ఆగాను.

"ఆపకు. సదువు."

మూడోదాంట్లో వార్డు ఫోన్ నంబరు రాయించాడు. సాయంత్రం అయిదింటికి ఫోన్ మంచం దగ్గరికి తెస్తారు, అక్క గొంతు వినాలని ఉంది అని రాయించాడు.

ఆమె ఉత్తరాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"నువ్వు తెలిసి చెయ్యలే. గది నాకెరుకే" అంది. "గని కొన్నొద్దులు నీతోని మాట్లాడబుద్ధయితలేదు తమ్మీ."

సరే అక్కా అన్నాను. ఆ కొన్ని రోజులు ఏడాది అయ్యాయి. తర్వాత బోధన్‌లోనే ఒక బడిలో పని దొరికి వెళ్లిపోయింది.

నేను ఆ తనిఖీని మార్చాను. అనుమానం ఉన్న మెయిల్‌ని తిప్పి పంపకుండా పక్కన పెట్టేలా చేసి, రోజూ పొద్దున్నే ఒక్కొక్కటీ తెరిచి చూసేవాణ్ణి. వందల్లో ఒకటో రెండో నిజమైనవి ఉండేవి. పెళ్లి పిలుపు ఒకసారి, పరీక్షలెప్పుడని ఏర్గట్ల నుంచి ఒక విద్యార్థి తండ్రి అడిగింది ఇంకోసారి. వాటిని కాగితం మీద తీసి నేనే వెళ్లి చేతికి ఇచ్చేవాణ్ణి. ప్రిన్సిపాల్ ఇదంతా ఎందుకయ్యా అనేవారు. నేను కారణం చెప్పలేదు.

చాలా ఏళ్లకు బోధన్ బస్టాండులో అక్క కనిపించింది. జుట్టు పూర్తిగా నెరిసింది. తనే పలకరించింది. "పిల్లలు మంచిగున్నరా తమ్మీ?" అంది. మంచిగున్నారని చెప్పాను, ఆమె కుంటుతుంటే మోకాళ్ల నొప్పా అని అడిగాను. తమ్ముడి మాట ఆమె ఎత్తలేదు, నాకూ ధైర్యం రాలేదు. ఇంతలో ఆమె బస్సు వచ్చింది. సంచీ అందించాను. కిటికీ పక్కన కూర్చుని, ఇక పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది.